తొలి బిందె

నీళ్ళు రావడానికి ముందు గాలి వస్తుంది. ఆ సందులో ఏ ఆడమనిషిని అడిగినా ఈ మాట చెబుతుంది. పొద్దున ఆరున్నరకి కొళాయి గొంతులోంచి ముందు సన్నగా ఈల వస్తుంది, ఆ వెనక రెండు దగ్గులు, తర్వాత ఒక చీదుడు, అప్పుడు నీళ్ళు. ఈల వినపడిందంటే చాలు, పద్నాలుగు ఇళ్ళల్లో పద్నాలుగు బిందెలు ఒక్కసారి మోగుతాయి.

సందు చివర్నుంచి రెండో ఇల్లు నీళ్ళత్తది. ఆవిడ అసలు పేరు ఆ సందు ఎప్పుడో మర్చిపోయింది. భర్త ముప్ఫై ఏళ్ళపాటు ఊరికి నీళ్ళు వదిలాడు. టాంకు నింపడం, అందులో మందు కలపడం, వీధి వీధికీ వాల్వు తిప్పడం, పగిలిన గొట్టాలు అతకడం, అన్నీ ఆయనే. అందుకని ఊరికి ఆయన నీళ్ళాయన. ఈవిడ మొదట్లో నీళ్ళాయనగారి ఆవిడ. పిల్లలు అంత పొడుగు పేరు పలకలేక నీళ్ళత్త చేశారు. పోను పోను పెద్దవాళ్ళకీ నీళ్ళత్తే అయింది.

మందు అంటే నీళ్ళల్లో పురుగు చచ్చేందుకు కలిపే తెల్లపొడి. ఆ మాట పట్టుకుని సందులో వేళాకోళాలకి అంతుండేది కాదు. ఎదురింటి సైకిలు షాపాయన పొద్దున్నే అరుగుమీద పళ్ళు తోముకుంటూ, “ఏమండోయ్, ఇవాళ మందు పడిందా?” అనేవాడు. నీళ్ళాయన సైకిలు దిగకుండానే, “నాకు పడలేదు, టాంకుకి పడింది. నేను నిలబడే ఉన్నాను చూడు, అదే ఊగుతోంది,” అనేవాడు.

ఆయన ఇంటికొస్తే ఆ మందు వాసన ఆయనకన్నా ముందు గుమ్మం దాటేది. నీళ్ళత్తకి ఆ వాసన గిట్టేది కాదు. “ముందా చొక్కా విప్పి బయట పడేసి లోపలికి రండి. అన్నం మెతుక్కి కూడా మీ మందు వాసనే,” అని గుమ్మంలోనే అడ్డం నిలబడేది. ఆయన నవ్వి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేవాడు. ముప్ఫై ఏళ్ళు ఇదే తంతు.

సందులో వాళ్ళకీ ఆ వాసన గిట్టేది కాదు. “అన్నయ్యగారూ, కాస్త తక్కువ కలపకూడదూ? నీళ్ళు తాగుతున్నామో, ఆసుపత్రి నేల నాకుతున్నామో తెలీడం లేదు,” అని పక్కనున్న ఆఖరి ఇంటి దర్జీ భార్య అనేది. ఆయన మాత్రం, “వాసన వచ్చిందంటే నేను మీ ఇంటిదాకా వచ్చినట్టు లెక్క చెల్లెమ్మా. రాలేదంటే దార్లోనే ఎక్కడో ఆగిపోయినట్టు,” అనేవాడు.

ఆయన దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె ఉండేది. అందులో ఒక గాజు గొట్టం, ఒక చుక్కల సీసా. గొట్టంలో నీళ్ళు పట్టి రెండు చుక్కలు వేస్తే, నీళ్ళల్లో మందు ఉంటే పచ్చబడతాయి. లేకపోతే ఉన్నట్టే ఉంటాయి. ఆయన ఆ పరీక్ష టాంకు పక్కన ఎన్నడూ చేయలేదు. ఎండలోనైనా వానలోనైనా ఊరి చివరి కొళాయిలదాకా సైకిలు తొక్కేవాడు. “ఏం, దగ్గర్లో కొళాయిలు లేవా?” అని ఆవిడ విసుక్కుంటే, “టాంకు పక్కన చూసి బాగుందనుకోవడం, వంట చేసినావిడనే కూర ఎలా ఉందని అడగడం రెండూ ఒకటే,” అని తప్పించుకునేవాడు. ఆవిడ ఆ రోజంతా మాట్లాడేది కాదు.

ఇక గుంట సంగతి. ఎనిమిదేళ్ళ కిందట నీళ్ళత్తకి మోకాళ్ళు పట్టేశాయి. సందు చివరికి వచ్చేసరికి నీళ్ళ జోరు తగ్గిపోయి, బిందె నిండడానికి పావుగంట పట్టేది. అంతసేపు వంగి నిలబడలేక ఆవిడ ఒకరోజు బిందె పక్కనే కూలబడి ఏడ్చింది. ఆ ఆదివారం నీళ్ళాయన పెరట్లో నడుం లోతు గుంట తవ్వాడు. గొట్టాన్ని కిందికి వంచి కొళాయిని గుంట అడుగున బిగించాడు. కిందికి దించిన కొళాయిలోకి నీళ్ళు వాటంతటవే దూకుతాయి. కొళాయికో రబ్బరు గొట్టం తగిలించాడు. చుట్టూ సిమెంటు పూశాడు. దిగడానికి మూడు మెట్లు కట్టి, ఆఖరి మెట్టు సగం ఎత్తే పెట్టాడు. ఆవిడ మోకాలు అంతకన్నా వంగదని ఆయనకి తెలుసు.

తప్పు పని అనీ ఆయనకి తెలుసు. ఊళ్ళో ఎవరు గుంట తవ్వినా పూడ్చమని పోట్లాడేవాడు ఆయనే. తన ఇంట్లో తవ్వాక ఇక నోరు పెగల్లేదు. “నీళ్ళాయన ఇంట్లో ఉండొచ్చుగానీ మాకు వద్దా?” అని సందులో మేడ ఉన్న ఒకే ఒక్కావిడ, మేడావిడ తవ్వించింది, ఆనక సైకిలు షాపాయన, వాళ్ళ వెనక బడి మాస్టారు. మేడావిడ ఒక మోటారు కూడా బిగించింది. అలా ఆ సందులో గుంటలు నాలుగయ్యాయి. ఎవరి గుంటైనా నీళ్ళాయన గుంటకి పిల్లే.

పోయిన ఏడాది ఎండల్లో ఒక మధ్యాహ్నం ఆయన టాంకు మెట్లు దిగి ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే మంచం మీద ఒరిగాడు. “చొక్కా,” అంది ఆవిడ వంటింట్లోంచి. పలకలేదు. మళ్ళీ పలకలేదు.

ఆ తర్వాత ఇల్లంతా ఉతికారు, కడిగారు, తుడిచారు. కొక్కేనికి ఉన్న ఇంకో చొక్కా కూడా ఎవరో పుణ్యాత్మురాలు ఉతికి ఆరేసి మడత పెట్టింది. నీళ్ళత్త దాన్ని మొహానికి ఆనించుకుంటే సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. దానికి ఏడ్చినంతగా ఆవిడ మరి దేనికీ ఏడవలేదు.

నీళ్ళెప్పుడొస్తాయో ఇదివరకు ఆయనే చెప్పి వెళ్ళేవాడు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. అందుకని ఆవిడ కొళాయి తిప్పి ఉంచి పడుకోవడం మొదలుపెట్టింది. ఈల వస్తే మెలకువ వస్తుంది. ఆయన ఉన్నప్పుడు రోజూ సాయంత్రం గుంటలోకి దిగి, కొళాయి కట్టి, రబ్బరు గొట్టం తీసి గోడమీద వేసేవాడు. అది ఆయన చాదస్తం అనుకునేదావిడ. ఇప్పుడు గొట్టం గుంటలోనే పడి ఉండేది.

సందులో ఇంకో అలవాటు ఉంది. తొలి బిందె తాగడానికి, తర్వాత బిందెలు వంటకి, ఆఖరివి బట్టలకి. నీళ్ళు ఎప్పుడు ఆగిపోతాయో తెలీదు కదా, ముందు తాగడానికి పట్టుకుని నిశ్చింతగా ఉంటారు. పైగా ఆ మధ్య తొలి బిందె నీళ్ళు ఎంత బాగుండేవంటే, మందు వాసన బొత్తిగా లేదు. “కొత్తాయన పుణ్యమా అని తియ్యటి నీళ్ళు తాగుతున్నాం వదినా,” అని దర్జీ భార్య మురిసిపోయేది. నీళ్ళాయన ఉద్యోగంలోకి వచ్చినాయనే కొత్తాయన.

నీళ్ళత్తకి ఆ నీళ్ళు తియ్యగానే ఉండేవి. కడుపులో మాత్రం అస్తమానం తిప్పుతూ ఉండేది. దిగులు అనుకుంది. మనిషి పోతే కడుపు ఊరుకుంటుందా అనుకుంది.

తొలకరి పడ్డ వారానికి దర్జీ మనవరాలు చిట్టికి విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగేళ్ళ పిల్ల. పొద్దున మొదలై, మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయాయి. సాయంత్రానికి పిలిస్తే పలకలేదు. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. నీళ్ళత్త ఆ రెండు రోజులూ వాళ్ళింటి పొయ్యి చూసింది, అంట్లు తోమింది. దర్జీ మిషను ముందు కూర్చుని, గుడ్డ పెట్టకుండా ఊరికే తొక్కుతూ ఉండిపోయాడు.

మూడో రోజు పిల్లని ఇంటికి తెచ్చారు. చేతిమీద సూది గుచ్చిన చోట తెల్లటి పట్టీ. మొహం ఇంత చిన్నదైపోయింది.

“నీళ్ళు కాచి చల్లార్చి తాగమన్నాడు డాక్టరు,” అంది దర్జీ భార్య అరుగుమీద చతికిలబడి. “నీళ్ళల్లోనే ఉందట రోగం. ఏ నీళ్ళల్లో? అందరం ఆ కొళాయి నీళ్ళేగా తాగుతోంది!”

“అందరం ఒక్కలా తాగుతున్నామా?” అన్నాడు సైకిలు షాపాయన. “కొందరు మోటారు పెట్టి తాగుతున్నారు. అది లాగే లాగుడికి కాలవలో నీళ్ళు కూడా గొట్టంలోకి వచ్చేస్తాయి.”

మేడమీంచి తల బయటికొచ్చింది. “ఎవరి సంగతయ్యా?”

“మోటారు ఎవరికుందో వాళ్ళ సంగతి.”

“ఆహా! నా మోటారు ఉదయం అరగంట తిరుగుతుంది. నీ నోరు రోజంతా తిరుగుతుంది. దేనివల్ల రోగాలొస్తాయో డాక్టర్నే అడుగుదాం పద!”

అరుపులు పెరిగాయి. నీళ్ళత్త మనసులోనూ మోటారే ఉంది. మేడావిడంటే ఆవిడకి ముందునుంచీ గిట్టదు. మంచం మీద పడుకున్న చిట్టి మాత్రం నీళ్ళత్త వేలు పట్టుకుని, “కాచిన నీళ్ళు బాలేవత్తా. నాకు తొలి బిందె నీళ్ళు కావాలి. అవి తియ్యగా ఉంటాయి. మందు కంపు కొట్టవు,” అంది.

ఆ మాట నీళ్ళత్తకి ఎక్కడో తగిలింది. వాసన రాలేదంటే దార్లోనే ఎక్కడో ఆగిపోయినట్టు. ఆయన నోట వందసార్లు విన్న మాట. ఇన్నాళ్ళూ వాసన లేదని మురిసిపోయారేగానీ, ఎందుకు లేదో ఒక్కరూ అడగలేదు. ఆఖరికి తనూ అడగలేదు.

ఇంటికెళ్ళి అద్దం పక్కనున్న ఆయన పరీక్ష పెట్టె తీసింది. చుక్కల సీసాలో మందు ఎర్రబారి, అడుగంటిపోయి ఉంది. మర్నాడు పొద్దున కొత్తాయన సైకిలు సందు మొగలో కనపడగానే ఎదురెళ్ళింది.

“తమ్ముడూ, నువ్వు నీళ్ళు ఎక్కడ చూస్తున్నావు?”

“ఆఫీసు ముందు కొళాయి దగ్గర అక్కా. రోజూ చూస్తాను. బ్రహ్మాండంగా పచ్చబడుతున్నాయి.”

“ఆఫీసులో ఎవరికీ రోగం రాలేదు కదా. ఇక్కడ చూడు.”

ఆయన కాస్త నొచ్చుకున్నాడు. అయినా పోయిన పెద్దాయన భార్య కాబట్టి కాదనలేదు. దర్జీ ఇంటి కొళాయిలో నీళ్ళు పట్టి రెండు చుక్కలు వేశాడు. నిమ్మతొక్కలాగా పచ్చబడ్డాయి.

“చూశారా? మందు ఉంది. రోగం ఇంకెక్కడిదో.”

“టైమెంతయింది?”

“ఏడుంపావు.”

“తాగే నీళ్ళు పట్టి ముప్పావుగంట అయింది నాయనా. ఇవి బట్టల నీళ్ళు. రేపు తొలి బిందె చూడు.”

మర్నాడు ఈల వినపడకముందే కొత్తాయన దర్జీ అరుగుమీద కూర్చున్నాడు. తొలి నీళ్ళల్లో రెండు చుక్కలు వేశాడు. రంగు లేదు. ఇంకో రెండు వేశాడు. గొట్టం వెలుతురులోకి పెట్టి చూశాడు. ఉన్నట్టే ఉన్నాయి. పది నిమిషాలకి ఇంకోసారి పట్టాడు, లేదు. ఇరవై నిమిషాలకి కొద్దిగా పచ్చదనం వచ్చింది. ఆయన మొహంలో మాత్రం రంగు పోయింది.

“నీళ్ళు ఆగాక గొట్టం ఖాళీ అవుతుంది అక్కా. ఖాళీ అయినప్పుడు అది వెనక్కి లాగుతుంది. ఎక్కడో ఏదో గుంటలో కొళాయి మునిగి ఉండి, ఆ మురికి లోపలికి పోతోంది. పొద్దున మనం పంపిన మందంతా ఆ మురికితో సరిపోతోంది. ఈ ఇంటికి తొలి బిందెలో వచ్చేది ఆ మురికే.”

“ఏ గుంటో ఎలా తెలుస్తుంది?”

ఆయన బుర్ర గోక్కున్నాడు. తోచింది నీళ్ళత్తకే. “బట్టలకి పెట్టే నీలిమందు ఉంది నా దగ్గర. రోజుకో గుంటలో పోస్తే? ఏ రోజు దర్జీ వదిన బిందెలో నీలం వస్తే ఆ గుంట.”

కొత్తాయన లేచి నిలబడ్డాడు. “పెద్దాయన మీకు పని నేర్పారా, మీరే ఆయనకి నేర్పారా?”

“నాకు ఉతకడం వచ్చు, అంతే.”

“అయితే ఏ రోజు ఏ గుంటలో పోస్తారో మీకొక్కరికే తెలియాలి. నాక్కూడా చెప్పకండి. ముందే తెలిస్తే వీళ్ళు కొట్టుకు చస్తారు.”

సందంతటికీ చెప్పారు: ఈ నాలుగు రోజులు తొలి బిందె ఎవరూ వాడొద్దు, తెల్లటి బేసిన్‌లో పట్టి చూడండి, తాగేవి కాచుకోండి అని. గుంటలున్నవాళ్ళు పొద్దువాలాక ఆవిడ వచ్చి పోసుకోవడానికీ, తమ గుంటల్లోకి తొంగిచూడకుండా ఉండడానికీ ఒప్పుకున్నారు. మేడావిడ, “పోసుకో తల్లీ. నా గుంటలో నీలం పోస్తే నా పేరు బంగారం అవుతుంది చూడు,” అంది.

మొదటి సాయంత్రం నీళ్ళత్త ఆవిడ గుంటలోనే పోసింది, కాస్త ధారాళంగానే. పొద్దున దర్జీ బేసిన్‌లో నీళ్ళు తెల్లగా ఉన్నాయి. మనసు చివుక్కుమంది. తప్పు ఆవిడదైతే ఎంత బాగుండేదో అని తను కోరుకున్నట్టు అప్పుడు తెలిసింది. రెండో సాయంత్రం సైకిలు షాపాయన గుంట, మూడో సాయంత్రం మాస్టారి గుంట. ఏమీ లేదు.

నాలుగో సాయంత్రం సీసాలో మిగిలిన నీలిమందు పట్టుకుని తన పెరట్లోకి వెళ్ళింది. ఏదో వరసకి పొయ్యాలి కాబట్టి పోసింది. నీళ్ళాయన కట్టిన గుంట, సిమెంటు పూసిన గుంట, ఊరంతటికీ నీళ్ళు వదిలిన మనిషి ఇంట్లో గుంట. దీనికేమవుతుంది? అడుగున మోకాలి లోతు వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. అందులో రబ్బరు గొట్టం పడుకుని ఉంది. నీలం మెల్లగా దాని చుట్టూ పాకింది.

పొద్దున ఈల వచ్చింది. రెండు దగ్గులు. చీదుడు. ఆ వెంటనే పక్కింటి గోడ అవతల్నించి కేక.

“వదినా! నీలం! నీలం వచ్చింది వదినా!”

నీళ్ళత్త రెండో మెట్టుమీద అలాగే కూర్చుండిపోయింది. సగం మెట్టుమీద కాలు ఉంది.

బయట అప్పటికే జనం. దర్జీ భార్య బేసిన్ నడివీధిలో పెట్టింది. లేత నీలం, ఆకాశం ముక్క పడినట్టు. కొత్తాయన సైకిలు స్టాండు కూడా వేయకుండా గోడకి ఆనించి పరిగెత్తుకొచ్చాడు. మేడావిడ పైనుంచి దిగకుండానే, “నాది మొదటి రోజే అయిపోయిందనుకుంటా! నీళ్ళత్త మొహం చూస్తేనే తెలిసింది నాకు, పాపం ఎంత దిగాలుపడిందో! ఇప్పుడు చెప్పు, ఎవరి బతుకు బయటపడింది?” అంది.

“అక్కా,” అన్నాడు కొత్తాయన, “నిన్న ఏ గుంట?”

ఆవిడకి ఒక్కరికే తెలుసు. సైకిలు షాపాయన మెడ ముందుకి చాచి ఉన్నాడు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఎవరి పేరు చెప్పినా చెల్లిపోతుంది. సాయంత్రంకల్లా తన గుంట చడీచప్పుడు లేకుండా పూడ్చేసుకుంటే సరిపోతుంది, పిల్లలకీ ఏమీ కాదు. తనది అని చెబితేనో? ముప్ఫై ఏళ్ళు ఊరికి నీళ్ళిచ్చిన మనిషి ఇంట్లోంచే విషం వచ్చిందంటారు. ఆయనకి మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని తనే చేతులారా తుడిచేయాలా?

గడపలో చిట్టి నిలబడి ఉంది. చేతిమీద పట్టీ అంచు ఊడి వేలాడుతోంది. ఆ పిల్ల బేసిన్ కేసి చూసి, “ఎవరు కలిపారు ఈ రంగు?” అంది.

“నేనే,” అంది నీళ్ళత్త. “నా గుంటలో పోశాను. అది నాది.”

 వెనకనుంచి ఎవరిదో గొంతు, “నీళ్ళాయన తవ్విన గుంటేనా!” అంది.

“గుంట ఆయన తవ్వారు, నా మోకాళ్ళ కోసం. ఉన్నన్నాళ్ళూ రోజూ సాయంత్రం కొళాయి కట్టి, గొట్టం పైకి తీసి పెట్టేవారు. ఎందుకో నేను అడగలేదు. ఏడాదిగా తెరిచి ఉంచింది నేను. నీళ్ళొస్తే వినపడుతుందని.” ఆవిడ దర్జీ భార్య కేసి తిరిగింది. “తెలీక చేశాను వదినా. కానీ చేసింది నేనే.”

దర్జీ భార్య బేసిన్ ఎత్తి నీళ్ళు కాలవలో పారబోసి, పిల్లని చంకనేసుకుని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజంతా పక్కింట్లో మిషను చప్పుడు వినపడలేదు.

కొత్తాయన నీళ్ళత్త ఇంటికెళ్ళే గొట్టాన్ని అప్పటికప్పుడు బిరడా వేసి బిగించి, వెళ్ళిపోయాడు. నీళ్ళత్త మధ్యాహ్నం గుంట తోడడం మొదలుపెట్టింది. చెంబుతో ముంచి బకెట్‌లో పోసి, మెట్టు మెట్టుకీ ఆగి పైకి తెచ్చి పారబోసింది. అడుగు కనపడేసరికి సాయంత్రం నాలుగయింది. రెండో మెట్టు పక్కన సిమెంటులో వెంట్రుకంత పగులు. అందులోంచి పక్క కాలవ నీళ్ళు చెమటలాగా ఊరుతున్నాయి. ఆయన ఉంటే వాసన పట్టి చెప్పేవాడేమో. ఆవిడ అక్కడే గోడకానుకుని, “మీరు కట్టిందే. మీరే పూడ్చేవారు కదా?” అని పైకే అడిగింది.

“ఎవరితో మాట్లాడుతున్నావు?”

గుంట అంచున దర్జీ భార్య. ఒక చేతిలో తట్ట, ఇంకో చేతిలో పార.

“మీ అన్నయ్యతో.”

“ఏమంటున్నారు?”

“ఏమీ అనడం లేదు.”

“బతికున్నప్పుడు ఆగకుండా మాట్లాడేవారు.” దర్జీ భార్య తట్ట కింద పెట్టింది. “చూడు, నాకింకా కోపం పోలేదు. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. కానీ ఇది నువ్వు చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు. పైగా లోపల అది, నీళ్ళత్త పొద్దున్నుంచీ ఎందుకు రాలేదని నా ప్రాణం తీస్తోంది. ఇంక పైకి రా. ఆ మోకాళ్ళతో నువ్వు పూడిస్తే వచ్చే తొలకరికి గానీ అవ్వదు.”

నీళ్ళత్త పైకి వస్తూ సగం మెట్టు దగ్గర ఆగింది. “ఈ మెట్టు రాయి మట్టిలో పోనివ్వకు వదినా. ఇది తీసి ఉంచు.”

దర్జీ భార్య గుంటలోకి దిగింది. పారతో అంచులు కొట్టి, రాయిని పెకలించి, రెండు చేతులతో పైకి అందించింది.

మరుసటి రోజు దర్జీ వచ్చాడు, సైకిలు షాపాయన ఇంత ఇటుక ముక్కల మట్టి తెచ్చి గుమ్మరించాడు. గుంట నిండాక కొత్తాయన కొళాయిని నేలకి మూరెడెత్తున బిగించాడు. పని చూస్తున్న మేడావిడ మొదటిసారి మెట్లు దిగి పెరట్లోకి వచ్చింది. పూడిన గుంట చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“నీళ్ళాయన గుంటే పూడ్చేస్తే ఇక నాది ఎందుకు? పూడ్చేస్తాను. మోటారూ తీసేస్తాను. కానీ ఒక్క మాట. నీళ్ళు ఎక్కకపోతే మాత్రం నా బిందెలు ఈ సైకిలాయన మొయ్యాలి.”

“నోరు కట్టేసుకుంటానంటే మోస్తా,” అన్నాడు సైకిలు షాపాయన.

“అయితే నువ్వు మొయ్యవన్నమాట!”

వారం తిరిగేసరికి నాలుగు గుంటలూ పూడాయి. అందరి కొళాయిలూ ఒకే ఎత్తున ఉండేసరికి నీళ్ళు ఎక్కడా ఒక గుంటలోకి దూకి అక్కడే ఆగిపోలేదు. కొత్తాయన ఈ సందు వాల్వు ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిప్పాడు. దర్జీ ఇంటి కొళాయిలో ఎన్నడూ లేంది, బిందె ఐదు నిమిషాల్లో నిండింది. మేడావిడకి మాత్రం పైకి ఎక్కలేదు. ఆవిడ రోజూ రెండు బిందెలు కిందనుంచి మోసుకుంటూ, మెట్టు మెట్టుకీ ఊరందర్నీ తిడుతుంది. మోటారు మాత్రం మళ్ళీ బిగించలేదు.

గొట్టం లోపల పేరుకున్న మురికి పోవాలని కొత్తాయన ఒక రోజు మందు బాగా ఎక్కువ కలిపి సందంతా కడిగించాడు. ఆ నీళ్ళు ఎవరూ తాగొద్దని ఇంటింటికీ చెప్పి, అన్ని కొళాయిలూ తిప్పి వదిలేశాడు. ఆ ఘాటుకి జనం ముక్కులు మూసుకుని తలుపులేసుకున్నారు. నీళ్ళత్త ఒక్కతే పెరట్లో, కొత్త కొళాయి పక్కన నిలబడి ఉంది. సందంతా ఆయన చొక్కా వాసన. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే, అటుగా వచ్చిన కొత్తాయన, “లోపలికెళ్ళండక్కా, ఘాటు కళ్ళకి ఎక్కుతుంది,” అన్నాడు.

“ఎక్కనీ తమ్ముడూ,” అంది ఆవిడ.

ఆ సాయంత్రం ఆయన ఒక కొత్త చుక్కల సీసా తెచ్చి ఇచ్చాడు. “రోజూ తొలి బిందె నేను చూడలేను. ఊరికి ఇలాంటి సందులు పదకొండున్నాయి. ఈ సందు మీరు చూసి పెడతారా? రంగు రాకపోతే ఒక్క ఫోన్ కొట్టండి, నీళ్ళు ఆపేసి వస్తాను.”

“నాకు చదువు రాదయ్యా.”

“ఇందులో చదివేదేముంది? పచ్చబడిందా లేదా, అంతేగా.”

ఇప్పుడు ఆ సందులో అలవాటు మారింది. తొలి బిందె మొక్కలకీ అరుగులు కడగడానికీ. తాగే నీళ్ళు రంగు చూశాకే. పొద్దున ఈల రాగానే నీళ్ళత్త దర్జీ ఇంటికి వెళుతుంది. చిట్టి గాజు గొట్టం పట్టుకుంటుంది, ఆవిడ రెండు చుక్కలు వేస్తుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. పిల్ల బుగ్గలు మళ్ళీ నిండాయి. రంగు రాగానే సందంతా వినపడేలా, “నిమ్మకాయ!” అని అరుస్తుంది. ఆ అరుపు విని పద్నాలుగు ఇళ్ళల్లో మంచినీళ్ళ బిందెలు కొళాయి కిందికి జరుగుతాయి. దర్జీ భార్య కోపం ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. ఒకరోజు మాత్రం నీళ్ళత్తకి టీ గ్లాసు అందిస్తూ, “కొత్త చుక్కలు సరిగ్గా వేస్తున్నావా, నీ చేతులు వణుకుతున్నాయి,” అని దెప్పింది. ఇద్దరూ నవ్వారు.

నీళ్ళత్త ఇంట్లో కొళాయి కింద ఇప్పుడు ఒక రాయి ఉంది, సగం మెట్టు ఎత్తుది. దానిమీద బిందె పెడితే ఆవిడ పెద్దగా వంగకుండానే చెయ్యి అందుతుంది. రోజూ సాయంత్రం ఆవిడ రెండు వేళ్ళతో కొళాయి కట్టి, ఇంకోసారి బిగించి చూసి, రబ్బరు గొట్టం తీసి గోడమీద వేస్తుంది. కడుపులో తిప్పుడు ఎప్పుడో తగ్గిపోయింది. దిగులు ఉంది. అది ఉంటుంది.

మొన్న పొద్దున సైకిలు షాపాయన అరుగుమీద పళ్ళు తోముకుంటూ చాలా రోజులకి పాత మాట ఎత్తుకున్నాడు.

“నీళ్ళత్తా! ఇవాళ మందు పడిందా?”

ఆవిడ చేతిలో గాజు గొట్టం వెలుతురులోకి ఎత్తి చూసింది. పచ్చగా ఉంది.

“నాకు పడలేదు,” అంది. “నీళ్ళకి పడింది.”

“పొద్దున్నే ఏమిటయ్యా ఈ మందు గోల!” అని మేడమీంచి కేక వినపడింది. “ఇంట్లో తాగడానికి చుక్క లేదు, త్వరగా చెప్పి చావండి, పట్టుకోవచ్చా లేదా?”

చిట్టి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పైకి చూసి అరిచింది.

“నిమ్మకాయ!”